పక్కింటి ప్రహరీ దగ్గర 60 దాటొద్దు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ కాలనీల్లో పెరడంటే డాబానే. అక్కడ డ్రమ్స్ ప్రాక్టీస్ చేసే కుర్రాడికీ, పక్కింటివాళ్లకీ మాటామాటా పెరిగితే ‘మా ఇల్లు మా ఇష్టం’ అనే వాదన మొదలవుతుంది. నిబంధనల్లో మాత్రం స్పష్టమైన అంకెలున్నాయి.

2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా 55 డెసిబెల్స్, తర్వాత 45 పరిమితి. వాణిజ్య ప్రాంతంలో 65, 55. ఆస్పత్రి, కోర్టు, కాలేజీల చుట్టూ నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట 50, 40. 2010 సవరణ ఇంకో మాట చేర్చింది: సొంతింట్లో వాడే సౌండ్ సిస్టమ్, వాయిద్యాల మోత ఇంటి హద్దు దగ్గర ఆ పరిమితిని 5కు మించి దాటకూడదు. అంటే కాలనీలో పగలు 60, రాత్రి 50. రాత్రి పది దాటితే మూసిన గదిలో తప్ప వాయించనే కూడదు.

ఇప్పుడు లెక్క చూడండి. డ్రమ్స్ గట్టిగా వాయిస్తే మీటరు దూరంలో సుమారు 100 డెసిబెల్స్. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 తగ్గుతుంది. 2 మీటర్ల దగ్గర 94, 4 దగ్గర 88, 8 దగ్గర 82. 60కి దిగాలంటే 100 మీటర్లు కావాలి. ఆ లోపు ఎన్ని ఇళ్లున్నాయో మీకే తెలుసు. 10 పెరిగితే చెవికి మోత దాదాపు రెట్టింపు. అంటే 60 కన్నా 100 పదహారు రెట్లు. పక్కింటావిడ కోపం చాదస్తం కాదు.

కాబట్టి డాబా దిగి గదిలోకి రావాలి. ప్లాస్టరింగ్ చేసిన ఇటుక గోడ 40కి పైగా ఆపుతుంది. కిటికీ తెరిస్తే ఆ లాభమంతా పోతుంది, తలుపు కింద సందున్నా చాలావరకు అంతే. ముందు వాటికి రబ్బరు పట్టీలు వేయండి. గోడలకు అంటించే కోడిగుడ్ల అట్టలు గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయేమో గానీ, చప్పుడు బయటికి పోకుండా ఆపలేవు. కాలితో కొట్టే బేస్ డ్రమ్ దెబ్బ శ్లాబులోంచి కింది పోర్షన్‌కు దిగుతుంది. మెత్తటి మ్యాట్ ఒక్కటే సరిపోదు. సాధనకు ఎలక్ట్రానిక్ ప్యాడ్లు, హెడ్‌ఫోన్స్ మేలు.

దిల్‌సుఖ్‌నగర్‌లో పక్క గోడ అవతల కోచింగ్ పిల్లల హాస్టల్ ఉండొచ్చు. ఎవరికి పరీక్షలు, ఎవరిది నైట్ డ్యూటీ అని ముందే వెళ్లి అడగండి. వాయించే వేళ చెప్పి, ఇబ్బందైతే ఫోన్ చేయమని మీ నంబరు ఇచ్చి రండి.