కథను విప్పి చూచు విద్య

చలనచిత్రమును తెరపై చూచు ప్రేక్షకునకు కథ మొదటినుండి చివరవఱకు ఏకధారగా ప్రవహించినట్లు తోచునే గాని, ఆ చిత్రమును తీసినవారు నాయకుని మరణమును సోమవారమునను, అతని పెండ్లిని గురువారమునను చిత్రించియుండవచ్చునన్న ఊహ సాధారణముగా కలుగదు. ఇట్లు కథాక్రమమును విడిచి పనిక్రమమును పట్టుకొనవలసిన అవసరము నుండి పుట్టినదే, చిత్రపరిశ్రమవారు స్క్రిప్టు బ్రేక్‌డౌన్ అని వ్యవహరించు విద్య.

రచయిత ముగించిన ప్రతిని సహాయ దర్శకుడును ప్రొడక్షన్ మేనేజరును ముందిడుకొని, సీనుసీనునకు వరుససంఖ్య వేసి, అది ఇంటిలోపలిదా ఆరుబయటిదా, పగలా రాత్రియా అన్న వివరములను తలభాగమున గుర్తింతురు. హాలీవుడ్ పద్ధతిలో సీను నిడివిని పుటలో ఎనిమిదవ వంతుల లెక్కన కొలుతురు. ఆ పద్ధతిని వ్రాసిన ఒక పుట తెరపై ఇంచుమించు ఒక నిమిషము నడచునని మోటులెక్క, 35 మి.మీ. ఫిల్ము నిమిషమునకు 90 అడుగులు పరుగెత్తును గనుక, కాగితముమీది ఆ కొలత ముడిఫిల్ము అంచనాకు సైతము ఆధారమయ్యెడిది. పిమ్మట రంగు పెన్సిళ్ళతో, నటులకు ఎఱుపు, చేతివస్తువులకు ఊదా, వాహనములకును జంతువులకును గులాబి అను రీతిగా, ప్రతి పంక్తిలోని అవసరములను గీటుపెట్టి వేర్వేరు పట్టీలలోనికి ఎక్కింతురు.

అయితే ఈ పనియందలి సారమంతయు వ్రాసినదానిని గుర్తించుటలో కంటె వ్రాయనిదానిని కనిపెట్టుటలో ఉన్నదని నా నమ్మకము. రాత్రివేళ, చిన్న రైలుస్టేషనులో, వానలో గొడుగు పట్టుకొని ఒక తండ్రి కూతురికొఱకు ఎదురుచూచుచుండగా బండి ఆగక వెళ్ళిపోయినదని రచయిత రెండు పంక్తులు వ్రాసినాడనుకొందము. అందు పేర్కొన్న చేతివస్తువు గొడుగు ఒక్కటే. కాని రైల్వేవారి అనుమతి లేనిదే ప్లాట్‌ఫారముపై కెమెరా నిలువదు. ఆగని బండిని రెండవమాఱు చిత్రింపవలెనన్న దానిని వెనుకకు రప్పింపవలెను. వాన కురిపించుటకు నీళ్ళ ట్యాంకర్లును గొట్టములును, చీకటిలో వానధారలు కంటికి ఆనుటకు వాని వెనుకనుండి పడు దీపములును, ఆ దీపములకు జనరేటరును కావలెను. తండ్రి వేషధారి ఒకమాఱు తడిసినచో మఱుసటి టేకునకు పొడిబట్టలు వలయును గనుక, ఒకే రంగువి, ఒకే కుట్టువి మూడునాలుగు జతలు సిద్ధపఱుపవలెను. కృత్రిమవర్షపు హోరులో మాటలు స్పష్టముగా పట్టుబడుట అరుదు గనుక డబ్బింగునకు సమయము కేటాయింపవలెను. బండి కిటికీలలో ముఖములు కనబడవలసినచో జూనియర్ ఆర్టిస్టులు ఎందరో నిర్ణయింపవలెను. ఈ సంభారములలో ఏ ఒక్కటి పట్టీనుండి జారిపోయినను ఆ రాత్రి యూనిటంతయు చేతులు కట్టుకొని కూర్చుండవలసివచ్చును.

ఇట్లు సిద్ధమైన పట్టీలనుండి సీనుకొక సన్నని అట్టముక్క చొప్పున తయారుచేసి పలకపై అమర్చుట పాశ్చాత్యుల పాతపద్ధతి. నేడది కంప్యూటరుపైకి చేరినది. పగటి ఆరుబయలునకు పసుపు, పగటి ఇంటిలోపలికి తెలుపు, రాత్రి ఆరుబయలునకు ఆకుపచ్చ, రాత్రి ఇంటిలోపలికి నీలము వాడి, ఒకే చోట జరుగు సీనులన్నిటిని ఒక దరికి చేర్చి, నటుల కాల్షీట్లతో పొసగించి, ఒక్కొక్క దినపు పని ముగియుచోట నల్లముక్క నుంచుదురు. క్రమము మాఱినకొలది కథలోని దినముల లెక్కను మఱింత భద్రముగా కాచుకొనవలెను: కథలో మూడవనాడు నుదుట తగిలిన గాయము ఇరువదవనాటికి మచ్చగా మిగులవలసియుండగా, చిత్రీకరణలో మచ్చయే ముందు, గాయమే తరువాత రావచ్చును. కావున విడదీయువాడు కథను మనస్సులో అఖండముగా నిలుపుకొన్నవాడై యుండవలెను. దీనిని గుమాస్తాపనిగా ఎంచుట అన్యాయము.

1910 దశకమున కాలిఫోర్నియాయందు థామస్ ఇన్స్ వివరమైన స్క్రిప్టును నిర్మాణమునకంతటికి ఆధారపత్రముగా చేసికొని, ఏకకాలమున పలు చిత్రములను నడిపించి ఈ మార్గమునకు బాట వేసెను. మనలో కె.వి. రెడ్డిగారు సన్నివేశముల నిడివిని ముందుగనే గడియారముతో లెక్కించుకొనెడివారని ప్రసిద్ధి. 1957 నాటి వారి ‘మాయాబజార్’ తెలుగున, తమిళమున వెలువడినది. సావిత్రి, రంగారావు రెండింటను ఉండగా, అభిమన్యుని పాత్రను తెలుగున అక్కినేనియు తమిళమున జెమినీ గణేశనును ధరించిరి. ఇట్టి చిత్రమున సీనుకొక నటవర్గపు పట్టీ చాలదు. మఱియొక విశేషము: పాండవులకు సంబంధించిన ఆ కథలో పాండవులైదుగురును తెరపై కనబడనే కనబడరు! వారి ప్రస్తావన ఎన్ని సంభాషణలలో నున్నను, ఎఱ్ఱగీటు పడవలసిన పాత్రలలో వారు లేరు. ఏది చెప్పవలెనో ఏది చూపవలెనో వేఱుపఱచుకొన్న ఆ రచనా సంయమము నాకు మిక్కిలి ప్రీతిపాత్రము.

సెట్టుమీదనే ఆనాటి సీనును వ్రాయు అలవాటు మనలో ఇప్పటికిని పూర్తిగా తొలగలేదు. దానివలన కలుగు కష్టము ముందుగా లైట్‌మెన్‌పై, కాస్ట్యూమరుపై, తెల్లవాఱుజామున వచ్చి మధ్యాహ్నమువఱకు కాచుకొని కూర్చున్న జూనియర్ ఆర్టిస్టులపై పడును. మార్పు తప్పనిసరియైనపుడు సైతము పాటింపదగిన నియమము కలదు. సీనుల సంఖ్యలు ఒకమాఱు స్థిరపడిన పిమ్మట నూతనముగా చేరిన సీనునకు 42ఎ వంటి గుర్తునిత్తురేగాని తరువాతి సంఖ్యలను కదల్పరు. తొలగించిన సీను సంఖ్యను సైతము ‘తొలగింపబడినది’ అన్న మాటతో అట్లే ఉంచుదురు. అందువలన కళాదర్శకుని పట్టీయందలి 57వ సీను మేకప్‌మాను పట్టీయందును 57వ సీనే అయి యుండును.