భిలాయ్ విద్యార్థుల పరిశోధన: ఆన్‌లైన్‌లో ఏది ఎవరికి తెరుచుకుంటుంది, దేన్ని ఎంతవరకు నమ్మాలి

భిలాయ్: ఉక్కు పట్టణమైన భిలాయ్‌లోని సెక్టర్ 7లో కల్యాణ్ పోస్ట్ గ్రాడ్యుయేట్ కళాశాల ఉంది. ఇది దుర్గ్‌లోని హేమ్‌చంద్ యాదవ్ విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాల. అదే జిల్లాలోని కుటేలాభాఠాలో ఐఐటీ భిలాయ్ ఉంది. రెండు చోట్లా విద్యార్థులు వాడేది ఒకే ఇంటర్నెట్. అయినా ఒక పరిశోధన పత్రం ఒక సంస్థలో పూర్తిగా తెరుచుకోవచ్చు, మరో సంస్థలో సారాంశం దగ్గరే ఆగిపోయి రుసుము అడగవచ్చు.

ఈ తేడాకు మూలం చందా. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లు 6,300కు పైగా సంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ఇందుకు 2025 నుంచి మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించారు. అయితే తొలి దశ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకే పరిమితం. కనుక తమ కళాశాల ఏ కోవలోకి వస్తుందో విద్యార్థి ముందుగా గ్రంథపాలకుడిని అడిగి తెలుసుకోవాలి. చాలామంది వేయని ప్రశ్న ఇదే.

చందాతో పనిలేని వనరులూ తక్కువేమీ కావు. దేశీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఐదు లక్షలకు పైగా ‘శోధ్‌గంగ’లో ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయం, పార్లమెంటు డిజిటల్ గ్రంథాలయం కూడా ఎవరికైనా ఉచితం. భిలాయ్ కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరిన నాటి లోక్‌సభ చర్చలను వెతకాలంటే ఇప్పుడు ఢిల్లీ వెళ్లనక్కరలేదు.

అసలు చిక్కు దొరికిన సమాచారాన్ని చదవడంలో ఉంది. ఉత్తరాంధ్ర నుంచి కర్మాగారం పనులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలపై ఒక విద్యార్థి పరిశోధన చేస్తున్నాడనుకుందాం. జనగణన వెబ్‌సైట్‌లో 2011 నాటి మాతృభాషల పట్టిక దొరుకుతుంది. దుర్గ్ జిల్లా వరుసలో తెలుగువారి సంఖ్య కనిపిస్తుంది. దాన్ని నేటి దుర్గ్ జిల్లాకు ఆపాదిస్తే లెక్క తప్పుతుంది. బాలోద్, బెమెతరా జిల్లాలు 2012 జనవరిలో ఏర్పడ్డాయి. 2011 జనగణనలో అవి దుర్గ్‌లోనే ఉన్నాయి. ఇంకా వెనక్కి, 1961కి వెళితే అప్పటి దుర్గ్‌లో రాజ్‌నంద్‌గావ్ కూడా కలిసే ఉంది. అది 1973లో వేరుపడింది. ఈ మార్పులు చూడకుండా రెండు పట్టికలను పక్కపక్కన పెడితే తెలుగు జనాభా పెరిగిందో తగ్గిందో తేల్చలేము. పట్టికలోని అంకె సరైనదే, దాని వెనుక ఉన్న సరిహద్దు మారింది. వికీపీడియాలోనో మరో వ్యాసంలోనో ఆ అంకె విడిగా కనిపించినప్పుడు ఈ సంగతి సాధారణంగా తెలియదు. మూల పట్టిక దాకా వెళ్లమని మార్గదర్శకులు పట్టుబట్టేది ఇందుకే.

కృత్రిమ మేధ సాధనాలతో మరో సమస్య. అవి ఒక్కోసారి లేని వ్యాసానికి రచయిత పేరు, జర్నల్ పేరు, సంవత్సరం సహా నమ్మదగిన ఆకృతి కల్పిస్తాయి. పత్రానికి డీవోఐ సంఖ్య ఇస్తే దాన్ని డీవోఐ డాట్ ఓఆర్‌జీలో నమోదు చేసి, తెరుచుకున్న పేజీలో అదే శీర్షిక ఉందో లేదో చూడడం నిమిషం పని. పాత పుస్తకాలకు, చాలా భారతీయ పత్రికలకు ఆ సంఖ్య ఉండదు. కాబట్టి సంఖ్య లేనంత మాత్రాన రచన కల్పితమని అనుకోకూడదు. అలాంటప్పుడు గ్రంథాలయ జాబితాలో వెతకాలి.

నకలు విషయంలో యూజీసీ 2018 నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. సిద్ధాంత గ్రంథంలో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతమైతే ఆరు నెలల్లోపు సవరించి మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 శాతమైతే ఏడాది పాటు సమర్పించే అవకాశం ఉండదు. 60 శాతం దాటితే నమోదే రద్దవుతుంది. అయితే పోలికను పట్టే సాఫ్ట్‌వేర్ వాక్యాలను మాత్రమే సరిచూస్తుంది. దుర్గ్ పాత సరిహద్దుల అంకెను కొత్త జిల్లాకు సొంత మాటల్లో రాస్తే అది పట్టుకోలేదు.