పెరగమనేదెవరు? ఆగమనేదెవరు?

కొంత భాగం కోసి తీసినా కాలేయం మళ్లీ పెరుగుతుందని చాలామందికి తెలుసు. సరైన కొలతకు రాగానే ఆగిపోవడమే అంతకన్నా పెద్ద వింత. ఆ రెండింటినీ నడిపించేది కణాల మధ్య సాగే సంకేతాలే.

1998 నవంబరులో ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో 20 నెలల పసివాడికి తండ్రి కాలేయంలోంచి కొంత భాగం తీసి అమర్చారు. మనదేశంలో పిల్లలకు విజయవంతంగా జరిగిన తొలి కాలేయ మార్పిడి అది. ఆ బాబు పెద్దయ్యాక డాక్టరయ్యాడు. ఈరోజుకీ మన దగ్గర ఎక్కువ మార్పిళ్లు బతికున్న దాతల చలవే. రోగి పెద్దవాళ్లైతే తరచూ దాత కాలేయంలో సగానికి పైగా ఉండే కుడిభాగాన్ని తీస్తారు. దాంతోపాటు పిత్తాశయమూ పోతుంది. పోయిన పిత్తాశయం తిరిగి రాదు, కోసిన భాగమూ మళ్లీ మొలవదు. మిగిలిన ముక్కే పెరిగి, కొన్ని నెలల్లో దాదాపు పాత పరిమాణానికి చేరుతుంది. అక్కడితో ఆగుతుంది.

1931లోనే హిగ్గిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు ఎలుకల కాలేయంలో మూడింట రెండు వంతులు తీసేసి ఈ పెరుగుదలను లెక్కగట్టారు. దాని వెనకున్న యంత్రాంగం మాత్రం గత కొన్ని దశాబ్దాల్లోనే బయటపడింది.

ఆపద్ధర్మ మూలకణాలు

ఆరోగ్యంగా ఉన్న కాలేయాన్ని కోస్తే కొత్తగా మూలకణాల అవసరం పడదు. అక్కడి రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ప్రొటీన్లు వదిలి కాలేయ కణాలను నిద్రలేపుతాయి. హెచ్‌జీఎఫ్, ఈజీఎఫ్ అనే వృద్ధి కారకాలు వాటిని విభజనకు పురిగొల్పుతాయి. చిక్కంతా ఏళ్ల తరబడి హెపటైటిస్, మద్యం, కొవ్వు దెబ్బలు తిన్న కాలేయంతోనే. అక్కడ కాలేయ కణాలకే ఓపిక ఉండదు.

అప్పుడు పైత్యరస నాళాల గోడల్లోని కణాలు రంగంలోకి దిగుతాయి. 2017లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు ఎలుకల్లో కాలేయ కణాల విభజనను అడ్డుకుని చూస్తే, ఈ నాళ కణాలే కాలేయ కణాలుగా మారాయి. అంతకుముందు 2013లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం, దెబ్బతిన్న ఎలుక కాలేయంలో ఎల్‌జీఆర్5 గుర్తు ఉన్న కణాలు పుట్టుకొస్తాయని చూపింది. అలాంటి ఒక్క కణం నుంచే గాజుపాత్రలో బుల్లి కాలేయ కణజాలాన్ని పెంచింది కూడా. కాలేయానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే మూలకణాల సైన్యం ఉందా అన్నది ఇంకా వాదనే. అవసరాన్నిబట్టి ఆ పాత్రలోకి మారే కణాలు ఉన్నాయన్నది మాత్రం తేలింది.

ఇరుగుపొరుగు మాట

అలా పాత్ర మార్చుకునే కణం ఏమవ్వాలో చెప్పేది పొరుగు కణాలే. 2012లో ఎడిన్‌బరోలోనే జరిగిన ప్రయోగం దీన్ని విడమర్చింది. చచ్చిన కాలేయ కణాల శకలాలను మాక్రోఫేజ్ అనే కణం మింగుతుంది. మింగాక డబ్ల్యూఎన్‌టీ అనే సంకేతాన్ని వదులుతుంది. మామూలుగా కణంలో బీటా-కెటెనిన్ అనే ప్రొటీన్ తయారైన కొద్దీ ధ్వంసమవుతుంటుంది. ఈ సంకేతం తాకగానే ఆ ధ్వంసం ఆగుతుంది. పోగుపడ్డ ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను మేల్కొలుపుతుంది. ఆ కణం కాలేయ కణమయ్యే దారి పడుతుంది.

పక్కన మచ్చకట్టించే కణాలు ఎక్కువైతే కథ మారుతుంది. అవి నాచ్ సంకేతాన్ని ఇస్తాయి. అప్పుడు అదే కణం పైత్యరస నాళం వైపు మొగ్గుతుంది. కాలేయం మచ్చలు కట్టి గట్టిపడిన (సిరోసిస్) రోగిలో కొత్త కణాలు పుడుతున్నా పని ఎందుకు జరగదో దీంతో కొంత అర్థమవుతుంది.

బ్రేకు తీసేస్తే

పెరుగుదలను ఆపే బాధ్యతలో పెద్ద వాటా హిప్పో అనే సంకేత మార్గానిది. అది యాప్ అనే ప్రొటీన్‌ను కేంద్రకంలోకి పోకుండా కట్టడి చేస్తుంది. 2007లో రెండు ప్రయోగశాలల్లో ఎలుకల కాలేయంలో యాప్‌ను విచ్చలవిడిగా పనిచేయించారు. కొన్ని వారాల్లోనే కాలేయం నాలుగైదు రెట్లు ఉబ్బింది. యాప్‌ను ఆపేస్తే మళ్లీ పాత కొలతకు వచ్చింది. ఆపకుండా వదిలేస్తే క్యాన్సర్ పట్టుకుంది. చాలా కాలేయ క్యాన్సర్లలో బీటా-కెటెనిన్ జన్యువూ చెడిపోయి కనిపిస్తుంది. మరమ్మతుకూ క్యాన్సర్‌కూ సంకేతాలు చాలావరకు ఒకటే, పెద్ద తేడా అవి ఎంతసేపు మోగాయన్నదే.

బయటి కణాలతో ఈ మరమ్మతు చేయించే ప్రయత్నాలూ జరిగాయి. హైదరాబాద్‌లో డాక్టర్ సి.ఎం.హబీబుల్లా బృందం పిండ కాలేయం నుంచి తీసిన కణాలను సిరోసిస్ రోగులకు ఇచ్చి, 25 మంది ఫలితాలను 2010లో ప్రచురించింది. దారి చూపిన ప్రయత్నమే. కానీ చికిత్సగా స్థిరపడాలంటే పెద్ద పరీక్షలు నెగ్గాలి. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు కూడా రక్త వ్యాధులకు ఆమోదించిన మూలకణ మార్పిడులు తప్ప, మిగతా మూలకణ ప్రయోగాలు అనుమతించిన క్లినికల్ పరీక్షల్లోనే జరగాలంటున్నాయి.

అందుకే ‘మూలకణాల సూదితో సిరోసిస్ మాయం’ అనే ప్రకటన కనబడితే అడగాల్సిన ప్రశ్నలు రెండు: ఆ కణాలను కాలేయ కణాలుగా మార్చే సంకేతం మచ్చకట్టిన చోట ఎవరిస్తారు? పని అయ్యాక ఆగమని ఎవరు చెబుతారు? జవాబు లేకపోతే డబ్బు కట్టొద్దు. అంతకన్నా ముందు మద్యం మానడం, హెపటైటిస్-బి టీకా వేయించుకోవడం, హెపటైటిస్‌కు మందులు వాడటం, బరువు తగ్గడం మన చేతిలో ఉన్నాయి. దెబ్బ ఆగితేనే కాలేయం మరమ్మతుకు తీరిక దొరుకుతుంది.