మార్చలేని ట్రస్టులో ట్రస్టీ ఏం మార్చవచ్చు?

అమెరికాలో పిల్లల పేరున ఇర్రివోకబుల్ ట్రస్టు పెట్టినవారు, సంతకాలయ్యాక అందులో అక్షరం కదలదనుకుంటారు. పెట్టినవారు కదపలేని మాట నిజమే. ట్రస్టీ మాత్రం చాలా రాష్ట్రాల్లో పాత ట్రస్టు ఆస్తిని కొత్త షరతులున్న మరో ట్రస్టులోకి మళ్లించవచ్చు. దీన్ని డికాంటింగ్ అంటారు.

దీనికి పునాది 1940లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఫిప్స్ కేసులో ఇచ్చిన తీర్పు. ఆస్తినంతా లబ్ధిదారుకు ఇచ్చేసే అధికారం ఉన్న ట్రస్టీ, అదే ఆస్తిని వారి కోసమే మరో ట్రస్టులో పెట్టవచ్చని కోర్టు తేల్చింది. 1992లో న్యూయార్క్ తొలి చట్టం చేసింది. 2015లో అన్ని రాష్ట్రాల కోసం నమూనా చట్టం తయారైంది. దాని ఆధారంగా చేసిన కాలిఫోర్నియా చట్టం 2019 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

అసలు ప్రశ్న, ట్రస్టీ చేతిలో విచక్షణ ఎంత ఉందన్నది. పత్రంలో ఆరోగ్యం, చదువు, పోషణ, జీవనాధారం అనే 4 అవసరాలకే డబ్బివ్వాలని ఉంటే, నమూనా చట్టం కింద పాలనాపరమైన మార్పులే సాధ్యం. ఎవరి వాటా తీరూ పెద్దగా మారకూడదు. అలాంటి కట్టుబాటు లేకపోతే అధికారం విస్తృతం. ఉదాహరణకు, 25 ఏళ్లకు అమ్మాయి చేతికి ఆస్తి రావాలని ఉంటే, ఆమె 24వ ఏట ఉండగా ఆ వయసును 35కు పొడిగించవచ్చు, అది ట్రస్టు ఉద్దేశానికి తగినదైతే. 25 నిండి హక్కు స్థిరపడ్డాక కుదరదు. కొత్త లబ్ధిదారులను చేర్చడమూ కుదరదు. పత్రమే డికాంటింగ్‌ను స్పష్టంగా నిషేధిస్తే ఆ దారి మూసుకుపోతుంది. "మార్చరాదు" అన్న మామూలు వాక్యం మాత్రం చాలదు.

రాష్ట్రం మారితే ఫలితమూ మారుతుంది. 2017లో మసాచుసెట్స్ అత్యున్నత కోర్టు తీర్పిచ్చిన ఒక విడాకుల వివాదంలో, ఆస్తి మళ్లించే నాటికే భర్త 75 శాతం తీసుకోగల స్థితిలో ఉన్నారు. ట్రస్టీలు ఆయనకు చెప్పకుండానే కొత్త ట్రస్టుకు మార్చారు. పాత పత్రంలోని విశాలమైన భాషను చూసి కోర్టు దాన్ని సమర్థించింది. అప్పటికి అక్కడ డికాంటింగ్ చట్టమే లేదు.

నన్ను కలవరపెట్టేది సమ్మతి విషయం. మన 1882 ట్రస్టుల చట్టం 11వ సెక్షన్ కింద షరతులు మారాలంటే ఒప్పందానికి అర్హులైన లబ్ధిదారులందరూ ఒప్పుకోవాలి. అమెరికా నమూనా చట్టానికి లబ్ధిదారుల సమ్మతీ అక్కర్లేదు, కోర్టు అనుమతీ అక్కర్లేదు. 60 రోజుల ముందు నోటీసిస్తే చాలు. న్యూయార్క్‌లో 30 రోజులే. నెవాడాలో నోటీసు తప్పనిసరి కూడా కాదు.

అందుకే ట్రస్టీ దగ్గర్నుంచి కవరొస్తే పక్కన పడేయకండి. పాత, కొత్త పత్రాలు రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. అభ్యంతరముంటే గడువు ముగిసేలోపే ఆ రాష్ట్రపు ట్రస్టు న్యాయవాదిని కలవండి.