వరంగల్లు చలక నేలలో ఒలీవ ఫలించునా?

ఒలీవ మొక్కలు నాటినచో లాభము కలుగునా యని మన సంఘ సభ్యులు కొందఱు అడుగుచున్నారు. యునానీ దుకాణములలో జైతూన్ నూనె యని అమ్మబడునది ఈ చెట్టు కాయల నూనెయే. దాని ధర విన్నవారికి ఎకరములకొలది నాటవలెనని తోచుట సహజము. కాని అప్పు తీసికొని పూనుకొనుటకు ముందే చెట్టు స్వభావమును తెలిసికొనవలయును.

మల్లె, పారిజాతముల కుటుంబములోనిదే యైనను, ఒలీవకు పుట్టినిల్లు మధ్యధరా సముద్ర తీరము. అచ్చట వానలు చలికాలమున కురియును. వేసవి పొడిగా నుండును. ఎండకు ఈ చెట్టు వెఱవదు, నీటియెద్దడికిని ఓర్చును. చిక్కంతయు చలితోనే వచ్చినది. గడచిన యేటి రెమ్మలపై నుండు మొగ్గలు పూమొగ్గలగుటకు పలు వారములపాటు రాత్రి చలి సుమారు 10 డిగ్రీలకు దిగవలయును. వరంగల్లులో అంతటి చలి యే కొన్ని రాత్రులో తప్ప నిలువదు. పుష్యమాసమున సైతము పగటి వేడిమి 30 డిగ్రీల దరిదాపుల నుండును. అందువలన ఆ మొగ్గలు ఆకులుగా మాఱును. చెట్టు పచ్చగా పెరుగుచుండుటచే రైతు మురియును. అయిదాఱేండ్లు గడచిన పిదపగాని కాపు లేదని తేలదు. అప్పటికి వడ్డీ అసలును మించిన మించవచ్చును.

రాజస్థానమున ఇస్రాయేలు నుండి మొక్కలను తెప్పించి 2008లో నాటిరి. 2014లో బికనేరు జిల్లా లూణ్‌కరణ్‌సర్‌లో నూనె తీయు కర్మాగారమును నెలకొల్పిరి. అయితే అచ్చటి శీతకాలపు రాత్రులు మనవానికంటె మిక్కిలి చల్లనివి. అర్బెక్వినా వంటి రకములకు చలి కొంత తక్కువైనను చాలును గాని, బొత్తిగా అక్కఱలేదని యెవరైన చెప్పినచో నమ్మరాదు.

ముచ్చటకు పెరటిలో ఒకటి రెండు పెంచువారు నీరు నిలువని చలకలో మిట్ట చేసి నాటవలయును. రేగడిలో వానకాలమున వేళ్లు కుళ్లును. మొదటి రెండు వేసవులును నీరు పోసి, నడిమి కొమ్మలు కత్తిరించి గాలి వెలుతురు సోకనిచ్చిన చాలును. సిలోన్ ఒలీవ యనునది వేఱు చెట్టు. దాని కాయలు ఊరగాయకే గాని నూనెకు రావు.

నూనె చెట్లే కావలెనన్నచో, బోరునీరు సమృద్ధిగా గలవారు ఆయిల్‌పామును ఆలోచింపవచ్చును. ఎకరమునకు 57 మొక్కలు పట్టును; నాలుగవ యేట కాపు మొదలగును. కోసిన గెలలు ఒక దినములో మిల్లు చేరనిచో నూనె చెడును గనుక మిల్లు ఎంత దూరమో ముందే విచారింపవలయును. నీరు లేనివారికి గట్లపై ఇప్పయే మేలని మా తలంపు. ములుగు, ఏటూరునాగారము అడవులలో అది తనంతట పెరుగుచున్నదే. కాపునకు ఎనిమిది పదియేండ్లు పట్టును గాని, దానికొఱకు అప్పు చేయ బనిలేదు. ఇప్పగింజ మొలకెత్తు శక్తిని త్వరలోనే కోల్పోవును. తొలకరి నాటికి ఏరి, ఆ కొలది దినములలోనే విత్తవలయును.