సగం నిజాలకు లెక్క ఎలా?

నారాయణఖేడ్‌లో మీ అమ్మ రాత్రి పాలు తోడేసింది. అర్ధరాత్రి "తోడుకున్నాయా?" అని అడిగితే, అవునన్నా తప్పే, కాదన్నా తప్పే! ఇలాంటి మాటలకు 0 నుంచి 1 దాకా మార్కులు వేసేదే ఫజీ తర్కం. 0 అంటే పూర్తి అబద్ధం, 1 అంటే పూర్తి నిజం. సగం తోడుకుంటే 0.5.

"తోడుకుంటే తోడుకున్నట్టే" అనే మాటకు మాత్రం ఎప్పుడూ 1 వస్తుంది. ఇలా ఎప్పుడూ 1 వచ్చే మాటలు ఇంకా ఉన్నాయి. వాటిని పట్టుకోవడం ఎలా? 0కీ 1కీ మధ్య మార్కులు అనంతం, అన్నీ వేసి చూడలేం కదా!

అక్కర్లేదు. పోలండ్ తర్కవేత్త లుకాసెవిచ్ రూపొందించిన ఇలాంటి తర్కంలో నాలుగు మూలసూత్రాలు, ఒక్క నియమం చాలు. ఎప్పుడూ 1 వచ్చే ప్రతి మాటనూ వాటితోనే రుజువు చేయవచ్చు, ఒక్కటీ జారిపోదు. ఈ గుణమే సంపూర్ణత. 1958లో తర్కవేత్తలు రోజ్, రాసర్ దీని నిరూపణను ప్రచురించారు.