ఆంగ్ల పదసంపద: అరుదైన మాటలు, అవసరమైన మాటలు

జీఆర్ఈ కోసం వేల పదాల జాబితాలు వల్లెవేసి విదేశాలకు వచ్చినవారు మనలో ఎందరో ఉన్నారు. 2011 ఆగస్టులో ఆ పరీక్షనుండి వ్యతిరేకపదాల ప్రశ్నలనూ, సాదృశ్య ప్రశ్నలనూ తొలగించారు. 2016లో శాట్ పరీక్ష కూడా అరుదైన పదాలను పక్కనబెట్టి, సందర్భాన్నిబట్టి అర్థం మారే పదాలకు ప్రాధాన్యమిచ్చింది. అయినా పదసంపద పెంచడమంటే పిల్లల చేతికి అరుదైన మాటల జాబితా ఇవ్వడమే అన్న భావన మనలో పోలేదు. అసలు ఏ మాటలు నేర్పాలి?

ఈ ప్రశ్నకు న్యూజీలాండ్ భాషావేత్త అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ ఒక సమాధానం. కళలు, వాణిజ్యం, న్యాయశాస్త్రం, విజ్ఞానశాస్త్రాలకు చెందిన సుమారు 35 లక్షల పదాల పాఠాలను ఆమె పరిశీలించారు. నిత్యవ్యవహారంలోని 2000 పదకుటుంబాలను మినహాయించి, అన్ని శాస్త్రాలలోనూ తరచుగా కనిపించే 570 పదకుటుంబాలను ఏరారు. ఆ విద్యావిషయక పాఠాలలో వీటి వాటా సుమారు 10 శాతం, కల్పనాసాహిత్యంలో 1.4 శాతం మాత్రమే. అంటే, నవలలు విరివిగా చదివే విద్యార్థికి కూడా ఈ మాటలు తగినంతగా తారసపడకపోవచ్చు. ఎనలైజ్, డిరైవ్, ఇన్ఫర్ వంటివి వస్తువుల పేర్లు కావు. ఆలోచనలో జరిగే పనుల పేర్లు. అవి పట్టుబడకపోతే పాఠం చదవగలిగినా వాదం అందదు.

వీటిలో అధికభాగం లాటిన్, గ్రీకు మూలాలనుండి వచ్చినవి. ఇక్కడ తెలుగువారికి ఒక సౌలభ్యం ఉన్నది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్న మాటలలో ధాతువు ఒకటే. ఉపసర్గ మారితే అర్థం మారుతుంది. ట్రాన్స్‌ఫర్, ఇన్ఫర్, రిఫర్, డిఫర్ అన్నవీ అటువంటివే. వీటిలోని 'ఫర్' మోయడమనే అర్థం గల లాటిన్ క్రియ. భారం, ఆభరణం అన్న మాటలకు మూలమైన సంస్కృత 'భృ' ధాతువుకు అది సోదరి. ఈ పద్ధతి తెలిసిన విద్యార్థి ఒక మాటతో నాలుగు మాటలు గుర్తుపెట్టుకుంటాడు.

అయితే ధాతువు ఆధారం మాత్రమే. అర్థాన్ని నిర్ణయించేది వాడుక. ఇన్ఫర్‌కు నిఘంటువు 'అనుమానించు' అని అర్థం చెప్తే, నేటి తెలుగు విద్యార్థి దానిని సందేహించడంగా తీసుకుంటాడు. తర్కశాస్త్రంలో అనుమానమంటే పొగను చూసి కొండపై నిప్పున్నదని నిశ్చయించడం. ఇన్ఫర్‌లో ఉన్నది ఆ అర్థమే. ఈ తేడాను ఒక్క పర్యాయపదం చెప్పలేదు. రెండు మూడు వాక్యాలు చెప్తాయి.

కనుక వారానికి ఐదారు మాటలు చాలు. వాటిని విద్యార్థి తన పాఠ్యపుస్తకాలలోనుండే ఏరుకోవాలి. ప్రతి మాటనూ వేర్వేరు శాస్త్రాల వాక్యాలలో చూసి, దాని కుటుంబాన్ని గుర్తించి, సొంత వాక్యంలో వాడాలి. కొన్ని రోజులకు, మళ్ళీ కొన్ని వారాలకు వాటిని తిరగవేయాలి. ధాతువులనూ, తర్కంలోని అనుమానాన్నీ వివరించే పని మాత్రం ఇంట్లో తెలుగు తెలిసిన పెద్దలు చేయగలిగినది.